ముఖచిత్రంలో జెండా

బేరూత్‌లో బాల్కనీ మొక్కలు పెంచేవాళ్ల ఆన్‌లైన్ గ్రూపును వదాద్ నడుపుతోంది. దాని ముఖచిత్రంలో ఆమె స్వలింగ ప్రేమికుల ఇంద్రధనుస్సు జెండా పెట్టినప్పటి నుంచి అక్కడ ఒకటే తగువు. ఆమె అక్క కొడుకు ఫిరాస్ కోపంగా వచ్చి బాల్కనీలో కూర్చున్నాడు.

“నా కామెంట్ తీసేశావేంటి పిన్నీ?”

“మన గ్రూపులో ఉన్న తన్నూస్‌ని వాళ్లమ్మతో కలిపి తిట్టావు. అందుకు.”

“జెండా తీసెయ్యమని ఆయన పేజీలకు పేజీలు రాస్తే ఉంచావుగా.”

“ఆయన ఎవర్నీ తిట్టలేదు. మధ్యలో నిమ్మాకు ముడతకి మందు కూడా అడిగాడు. చెప్పాను.”

ఫిరాస్‌కు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు.

“ఇంత గొడవెందుకు, ఆ జెండా తీసెయ్యరాదూ? మన గ్రూపులో అలాంటివాళ్లు ఎవరున్నారని?”

“ఒకడున్నాడు. వాడే తీయమన్నా తీయను.”

ఫిరాస్ చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టాడు.

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“వాయెల్‌ని వెంటబెట్టుకొచ్చి నా కుండీలు మేడెక్కించావే, ఆరోజు నుంచి. బరువైనవన్నీ నువ్వే మోసి, అతని చేతికి పుదీనా కుండీ ఒక్కటిచ్చావు. నువ్వు పుట్టాక ఎవరికోసమైనా సంచీ మోసిన పాపాన పోయావా?”

ఈసారి ఫిరాస్ నవ్వు ఆపుకోలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

“అమ్మకి...”

“అది నువ్వు చెప్పుకోవాల్సిన మాట. నేను నోరెత్తను. ఆదివారం మాత్రం అతన్ని భోజనానికి తీసుకురా.”

ఫిరాస్ అక్కడే ఫోన్ తీశాడు.

“వాయెల్, ఆదివారం మా పిన్ని నిన్ను భోజనానికి రమ్మంటోంది... కాదు, నా ఫ్రెండుగా కాదు... అవును, తెలుసామెకి. భయపడకు, ఇక్కడ ఇద్దరం నవ్వుతున్నాం.”