అరవై రెండో పేజీ మీది చీటీ

హలో… ఆ వంశీ, రూతు టీచర్నే. చెప్పు బిడ్డా… ఇంట్లనే ఉన్న, నాచారంల.

…ఏంది? నా పుస్తకమా? ఫోన్లల్ల సదివేటట్టు వెట్టినవా… ఎప్పుడు? పొద్దున్ననా?

ఆగు. జర ఆగు… నాకు సర్‌ప్రైజులు వద్దు వంశీ. మూడేండ్ల సంది ఒకటే మాట జెప్తున్న గదా, నా పుస్తకం కాగితం మీద తప్ప యాడ ఉండొద్దని… ఆ, మొండిదాన్నే. అందరంటరు, నువ్వు గూడ అను.

ఏ ఫైలు వెట్టినవ్?… ప్రెస్‌కు పంపిందా? మొదటిదా?

అయ్యో దేవా.

…కోపం కాదు. భయం. …చెప్త, ఇను. ఉప్పల్ల పుస్తకాలు అచ్చేసే మీ ఆఫీసుల కూసోని ఐదు వందల కాపీలకు చీటీలు అతికిచ్చిన, యాదికున్నదా? అరవై రెండో పేజీల, ఒక్క లైను మీద… అచ్చుతప్పు అని నేనే జెప్పిన. అబద్ధం జెప్పిన.

ఆ కథల యాదమ్మ ఉన్నది సూడు… పేరు ఉత్తదే, మనిషి నిజం. సత్తమ్మ ఆమె. కథంత పేరు మార్చిన గాని, ఆ ఒక్క లైను నా నోట్‌బుక్కుల ఉన్నది ఉన్నట్టు పోయింది. పేరు, ఆమె దాక్కున్న అన్నోజిగూడ, ఆమె కుట్టుమిషన్ దుకాణం… అచ్చయినంక సూస్కున్న.

…ఎవరికేంది? మొగనికి. చిల్కానగర్ల ఉంటడు. కత్తెరతోని పొడిస్తే ఆమెకు పదకొండు కుట్లు పడ్డయి దవాఖానాల. తప్పించుకొని ఏడేండ్లాయె, ఇంక దేవులాడుతనే ఉన్నడు. పుస్తకం ముట్టేటోడు కాదు వాడు. ఫోను మాత్రం చేతుల నుంచి దిగది… ఇప్పుడు సమజయిందా?

…ముందే చెప్పాల్నంటే ఆమె పేరు జెప్పాలె గదా. ఎవ్వరికి జెప్పనని దేవుని ముంగట మాటిచ్చిన.

తీసెయ్. నేను లైన్ల ఉండంగనే తీసెయ్… ఆ, ఉంట… … …అయిందా?

మరి కొన్నోళ్లది?… ముప్పై నలుగురు. వాళ్ల ఫోన్లల్లకెళ్లి పోదా?… పోదు. కాగితమైతే ఇంటింటికి తిరిగి చీటీ అతికిస్తుంటి. దీనికి యాడ అతికియ్యాలె?

…ఇంకేంది? ఏదో మింగుతున్నవ్. చెప్పు… నమూనాకు ఒక పేజీ? వాట్సాప్ గ్రూపులల్లనా?… ఏ పేజీ?

వంశీ, ఏ పేజీ—

…ఉన్నన్ని పేజీలల్ల అదేనా దొరికింది నీకు.

చిల్కానగర్ గ్రూపుల గూడనా?… ఎన్నింటికి?… తొమ్మిదింటికి. ఇప్పుడు రెండున్నర.

…ఏడ్వకు నాయనా. తప్పంత నీది కాదు. ఫైలుల ఒక్క లైను తీసెయ్యమని ఆ దినమే అంటే అయిపోతుండె. బయటికి పోనిస్తే గదా అని పొగరు నాకు. గోటితోని పొయ్యేదాన్ని గొడ్డలిదాక తెచ్చిన.

ఆ పేజీ గూడ అన్ని గ్రూపులల్లకెళ్లి తీసెయ్… తీసినంక కారు తియ్యి. ఉప్పల్ రింగురోడ్డు కాడ నిలబడత, నన్నెక్కిచ్చుకో. పోలీస్ స్టేషన్‌కు పోయి, ఆడికెళ్లి ఎవరినన్న తోల్కొని అన్నోజిగూడ పోదాం… మా ఇంట్లనే ఉంటది ఆమె. ఎన్ని దినాలైనా.

…వద్దు, ఆమెకు నువ్వు చెయ్యకు ఫోను. కొత్త నంబరైతే ఎత్తది, వణుకుతది.

…ఏమని జెప్తనో నాకే తెల్వది. దుకాణం మూసి లోపట గొళ్లెం పెట్టుకో, ఎవ్వరు పిలిచినా తియ్యకు… ఏడేండ్ల కింద గిదే మాట జెప్పి దాచిపెట్టిన ఆమెను. మొన్నమొన్ననే తలుపు తెరిచి పెట్టుకోని కూసుంటున్నది… ఈసారి ఆమెను పట్టిచ్చింది నేను.

…లేదు వంశీ. రాసింది నేను. జెప్పాల్సింది గూడ నేనే.

పెట్టేస్తున్న. ఆమెకు చెయ్యాలె.