మాకంటే ముందెళ్ళిన మూట

"మామ్మా, నువ్వు మొదటిసారి రాజమంద్రం ఎలా వెళ్ళేవే?"

ఇప్పుడెందుకొచ్చిందే ఆ సంగతి? ఓహో, శుక్రవారం నువ్వూ మీ ఆయనా బయల్దేరుతున్నారు కదూ, నాలుగు రోజులకి! మీకేవిటమ్మా, ఇలా అనుకుంటారు, అలా పడవెక్కుతారు. మా రోజుల్లో ప్రయాణం కంటే ప్రయాణం కట్టడమే పెద్ద పని. ఆ చాట ఇలా తే. చింతపండు ఈనెలు తీస్తూ చెప్తాను, ఊరికే కూచుంటే నాకు మాట రాదు.

అప్పటికి గోదారి మీద ఆనకట్ట కట్టేసేరు. మన కాలవలు కూడా తవ్వేసి నీళ్ళొదిలేరు. మీ నాన్న పుట్టలేదింకా. ఉండు, మీ నాన్నేవిటి, మీ పెద్దత్తే పుట్టలేదు. నేను కాపరానికొచ్చి రెండేళ్ళయిందో, మూడేళ్ళో. అంతకుముందు రాజమంద్రం అంటే రేవు రేవుకీ పడవ మారడం, మధ్యలో మోకాలి లోతు బురద, ఆడవాళ్ళ ఊసే లేదు. కాలవొచ్చేక మన ఊరు, ఈ నగరం రేవులో ఎక్కితే గోదారి దాకా దిగే పనే లేదాయె. కానీకి గంపెడు వంకాయలొచ్చే రోజులవి, అయినా వంకాయలు కొన్నదెవరు, అన్నీ పెరట్లోవే.

మా అక్కయ్య ఉండేది రాజమంద్రంలో. కోటిలింగాల రేవు దగ్గర ఇల్లు. దాని పిల్లాడికి అన్నప్రాసన, వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళమని కబురు పెట్టింది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది కదా, నన్ను చంకనేసుకు పెంచింది అక్కయ్యే. నా పెళ్ళయ్యేక మళ్ళీ దాని మొహం చూళ్ళేదు. ఆ కబురు విన్న దగ్గర్నించి నాకు అన్నం సయించలేదంటే నమ్ము. వెళ్ళాలి, అంతే. మీ తాతయ్యగారు "అమ్మ ఊఁ అంటే వెళ్దాం" అన్నారు. ఆ ఊఁ అనాల్సిన మనిషి మా అత్తయ్యగారు!

మా అత్తయ్యగారి సంగతి నీకేం తెలుసు. నువ్వు పుట్టేసరికే ఆవిడ లేరు. పొట్టిగా, గుండ్రంగా, ముక్కు మీద కోపం. కానీ పెట్టే చెయ్యి. ఆవిడ వద్దన్లేదు, సరే అనీ అన్లేదు. "చూద్దాం" అన్నారు. ఆ చూద్దాంతో నా తలప్రాణం తోకకొచ్చింది. మంగళవారం కూడదు, శనివారం అటు శూల, ఆదివారం వర్జ్యం, అమావాస్య ముందు వద్దు. ఇలా రోజులన్నీ గాలించి గాలించి, చివరికి బుధవారం పొద్దున్న మంచి గడియ ఉందన్నారు పంతులుగారు. తీరా చూస్తే మన సరంగు వీరాసామి పడవ శుక్రవారం గాని కదలదు.

అప్పుడేం చేసేవారో తెలుసా? పరస్థానం పెట్టేవారు. తెలీదా! అయ్యో, మీ కాలానికి ఏవీ తెలీవే. మంచి గడియకి మనిషి కదలడానికి వీల్లేకపోతే, ఆ మనిషి కట్టుకునే బట్టా, పసుపు కొమ్మూ, రెండాకులూ వక్కా మూట కట్టి ఆ గడియకి వేరే వాళ్ళింట్లో పెట్టాలి. బట్ట గడప దాటితే మనిషి దాటినట్టే లెక్క. తరవాత వీలైనప్పుడు ఆ మూట చంకన పెట్టుకుని అటునించటే వెళ్ళిపోవడం. కానీ ఒకసారి పెట్టేక మానకూడదు. బట్ట వెళ్ళి మనిషి ఆగితే అరిష్టం.

సరే, బుధవారం మా అత్తయ్యగారే స్వయంగా మూట కట్టేరు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. "నీకు ముడెయ్యడం రాదే, అవతలికి పో" అన్నారు. రేవు పక్కనే వీరాసామి ఇల్లు, అక్కడ పెట్టించేరు. ఇంక నా ఆనందం చెప్పలేను. కొబ్బరి లవుజు చేసేం, జంతికలు చేసేం. బియ్యం కట్టేం, చింతకాయ పచ్చడి జాడీ కట్టేం. ఆఖరికి మన నూతి నీళ్ళు కూడా బిందెలో పోసి మూతికి గుడ్డ వాసెన కట్టించేరు ఆవిడ. "ఆ ఊరి నీళ్ళు పడవు" అని. గోదారి ఒడ్డున ఉన్న ఊరికి నీళ్ళు మోసుకెళ్ళిన వాళ్ళం మేమే అయ్యుంటాం!

పని చేస్తూ చేస్తూ అడిగేవారు: "అక్కడ మేడలు ఎంతెత్తుంటాయటే? రేవు మెట్లు రాతివేనా? గాజుల దుకాణాలు వరసగా ఉంటాయటగా?" నాకేం తెలుసండీ, నేను చూసేనా అనేదాన్ని. మళ్ళీ అడిగేవారు.

గురువారం మధ్యాన్నం అయ్యేసరికి ఆవిడ మొహం మాడిపోయింది. ఎందుకో తెలీదు. గిన్నెలు టంగుటంగుమని పెడుతున్నారు. వడ్డిస్తూ వడ్డిస్తూ మావగారితో అన్నారు: "పొద్దున్న పిల్లి ఎదురొచ్చింది. ఈ ప్రయాణం వద్దు. మూట వెనక్కి తెప్పించెయ్యండి."

మావగారు ముద్ద చేత్తో పట్టుకుని, "పరస్థానం పెట్టేక మానకూడదని నువ్వేగా అన్నావు?" అన్నారు. "నేనే అన్నాను, నేనే మానమంటున్నాను!" అని గయ్యిమన్నారు. మీ తాతయ్యగారు చెయ్యి కడుక్కుని మూట తేవడానికి రేవుకెళ్ళేరు. నేను పెరట్లో అరిటి చెట్టు చాటుకెళ్ళి కుళ్ళికుళ్ళి ఏడ్చేను. అక్కయ్య మొహం ఇంక చూడనేమో అనుకున్నాను తల్లీ.

కాసేపటికి మీ తాతయ్యగారు ఉత్త చేతుల్తో వచ్చేరు. "మూట లేదమ్మా" అన్నారు. వీరాసామి పెళ్ళాం అది రాజమంద్రం మూటేనని విన్నదట. మనం అక్కడికి పంపించమని పెట్టేం అనుకుని, ఆ పొద్దున్నే కొబ్బరికాయలతో వెళ్తున్న మరిది పడవలో వేసి, మా అక్కయ్యగారింట్లో ఇమ్మని చెప్పి మరీ పంపిందట. ఎంత ఒబ్బిడిగా చేసిందో చూడు!

నాకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. బట్ట వెళ్ళిపోయింది కదా, ఇంక నన్నాపలేరు! లోపల గంతులేస్తున్నాను. ఇంతలో చూద్దును కదా, అత్తయ్యగారు గుమ్మంలో కూలబడిపోయేరు. "అయ్యయ్యో, నా చీర! నా చీర వెళ్ళిపోయిందే!" అంటున్నారు.

"నా మూటలో మీ చీరేవిటండీ అత్తయ్యగారూ?" అన్నాను.

ఆవిడ చెంగుతో మొహం కప్పేసుకున్నారు. అప్పుడు అర్థమైంది మాకు. నా చీర కింద తన నీలం చీర మడత పెట్టి, తన బట్ట కూడా గడప దాటించేసేరన్న మాట. మరి శుక్రవారం లోపల ఎవరేనా ఒకరు, నువ్వూ రావే అంటారని చూసేరు. అటు చూసేరు, ఇటు చూసేరు, గురువారం మధ్యాన్నం దాకా చూసేరు. ఒక్కరూ అనలేదు. దాంతో ఒళ్ళు మండి, ఎవరూ వెళ్ళద్దు పొమ్మన్నారు.

మావగారు తలపాగా తీసేరు, మళ్ళీ పెట్టుకున్నారు. "వస్తానని ఓ మాట అంటే నీ నోరు పడిపోయిందా?" అన్నారు. "నే అడగాలేవిటి!" అన్నారావిడ చెంగులోంచే. ఆయన లోపలికెళ్ళి ఆవిడ పావుకోళ్ళు తనే తెచ్చి గుమ్మంలో పెట్టేరు. ఆ రోజుల్లో మగవాడు అలాంటి పని చెయ్యడం నేనెక్కడా చూళ్ళేదు.

ఆయ్, వెళ్ళేం! గన్నవరం దగ్గర కింద గోదారి పాయ, పైన కట్టిన వంతెన మీద కాలవ, ఆ కాలవలో మన పడవ. నా చెయ్యి కమిలిపోయేలా పట్టుకుని, "భయపడకే, నేనున్నాను" అంటున్నారు అత్తయ్యగారు. నాకేం భయం, ఆవిడే కళ్ళు గట్టిగా మూసుకున్నారు. తీరా అక్కయ్య ఇంటికెళ్తే అది వీధిలోనే ఎదురొచ్చి నన్ను వాటేసుకుని ఒకటే ఏడుపు. మూటొచ్చింది, మనుషులు రాలేదు, ఏవైపోయేరోనని ముందురోజు నించీ అన్నం మానేసిందట పిచ్చిది. ఇద్దరం ఏడ్చేం, నవ్వేం, ఆ నాలుగు రోజులూ దాని కొంగు వదల్లేదు నేను. ఊరు చూసిందంతా అత్తయ్యగారే. కోట చూసేరు, మేడలు చూసేరు, గాజుల దుకాణం వాడితో బేరమాడి వాడి చేత దణ్ణం పెట్టించుకున్నారు.

ఆఖరి రోజు సాయంత్రం ఇద్దరం రేవు మెట్ల మీద కూచున్నాం. ఆవిడ కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని చాలాసేపు అవతలి ఒడ్డు కేసి చూసేరు. చూసి చూసి అన్నారు: "మీ మావగారు ఎన్ని మాట్లు వచ్చేరే ఈ ఊరు! వచ్చే ముందల్లా 'ఏం తేనూ' అని అడిగేవారు. ఏదడిగితే అది తెచ్చేరు, పాపం కాదనకూడదు. 'వస్తావా' అని మాత్రం అడగలేదు. అడిగితే, ఇల్లెవరు చూస్తారు, రానండీ అనేదాన్నేమోలే."

అంతే. మళ్ళీ ఆ మాటెత్తలేదు ఎప్పుడూ.

నేను మాత్రం అప్పణ్ణించీ గడప దాటితే అడిగేదాన్ని. పక్కింటి పేరంటానికైనా సరే, వస్తారా అత్తయ్యగారూ అని. "నువ్వెళ్ళవే, నాకు పనుంది" అనేవారు. ఎప్పుడూ అదే జవాబు. ఒకసారి తొందరలో మర్చిపోయి వీధిలోకెళ్ళిపోయేను. వెనక్కి తిరిగి చూద్దును కదా, గుమ్మంలో నించున్నారు. "వస్తారా?" అన్నాను. "రానులే" అని నవ్వుకుంటూ లోపలికెళ్ళేరు. ఆఖరి రోజుల్లో మంచం దిగలేనప్పుడు కూడా, కాలవకి నీళ్ళకెళ్తున్నాను, వస్తారా అంటే, కళ్ళు తెరిచి, "ఇవాళొద్దులేవే, రేపొస్తాను" అన్నారు తల్లీ.

చల్లగా వెళ్ళి రండమ్మా, ఇద్దరూ. నూరేళ్ళు ఇలాగే తిరగండి. ఆ చాట అలా పెట్టు... ఇంక కళ్ళు కనపట్టం లేదు నాకు...