బంతి వెనకాల

మేడమీద వీధివైపు గది. డ్రైవింగ్ మాష్టారి కోడలు ఆరిన బట్టలు మడతపెడుతోంది. అప్పుడే వచ్చిన ఆడపడుచు కిటికీ పక్కన కూర్చుంది. మాష్టారు కింద ఉన్నారు.

“అంటే రోజూ వేస్తున్నారా?”

“రోజూ కాదు వదినా. ఎవరైనా మరీ వేగంగా వస్తేనే.”

“ఏం వేస్తున్నారో అది చెప్పు ముందు. తమ్ముడు ఫోన్లో నసిగాడు తప్ప విషయం చెప్పలేదు. నాన్న రోడ్డు మీద ఏదో వేస్తున్నారు, పోలీసులు కూడా వచ్చి వెళ్ళారు, నువ్వొచ్చి ఒకసారి మాట్లాడు అన్నాడు. నేను రాళ్ళేమో అనుకుని దారంతా చస్తూ వచ్చాను.”

“రాళ్ళు కాదు. బంతి.”

“బంతా?”

“పిల్లలు ఆడుకునే రబ్బరు బంతి. విసరడం కూడా కాదు, దొర్లిస్తారంతే. మన గేటు పక్కన కార్లు ఆపి ఉంటాయి చూడండి, వాటి మధ్యలోంచి రోడ్డుకి అడ్డంగా.”

“మతి గాని పోయిందా ఆయనకి?”

“మీరు కాసిని మంచినీళ్ళు తాగండి ముందు.”

“నీళ్ళు తర్వాత. మొదట్నుంచీ చెప్పు.”

“మొదలంటే… మూలింటి టీచరమ్మ సంగతి మీకు తెలుసుగా.”

“కారు గుద్దిందని విన్నాను. అంతకుమించి తెలీదు.”

“ఆవిడ గేటు వేసి ఇటు తిరిగిందంతే. ఈ కిటికీలోంచే చూశాను నేను. ఆవిడ చేతిలో గొడుగు ఎగిరొచ్చి మన గోడకి కొట్టుకుంది. మనిషి బతికింది కానీ ఇప్పటికీ వాకరు పట్టుకునే నడుస్తోంది. గుద్దినవాడు తాగలేదు, ఫోనూ చూసుకోలేదు. యాభైలో వస్తున్నాడు, అప్పటి లెక్కలో యాభై తప్పు కాదు. మామయ్యగారికి మింగుడుపడనిది అదే. తప్పు చెయ్యకుండానే ఒక మనిషిని పడగొట్టగలిగాడంటే ఇక తప్పు ఎక్కడున్నట్టు, రూల్లోనే ఉన్నట్టు కదా అని నాతో అన్నారు. ఆ రోజు అన్నం ముట్టలేదు.”

“నాన్న అంతే. ఒకటి పట్టుకుంటే వదలరు.”

“వదల్లేదు. మున్సిపల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగారు. ఇళ్ళ మధ్య వీధుల్లో వేగం ముప్పైకి తగ్గించమని. అక్కడి ఇంజనీరు ముందు వినిపించుకోలేదట. ఈయన రోజూ వెళ్ళి ఎదురుగా కూర్చోడంతో, చివరికి ఆయనే విసుగెత్తి ఫైలు కదిపాడని మీ తమ్ముడు నవ్వుతుంటాడు. మొత్తానికి బోర్డు వచ్చింది. అదుగో, అక్కడ కనిపిస్తోందే, ఎర్ర అంచు గుండ్రటిది. అది పాతుతున్నప్పుడు మామయ్యగారు ఎండలో నించుని, కాబోయే అల్లుణ్ణి చూసినట్టు చూశారు.”

“మంచిదేగా. బోర్డు వచ్చాక ఇక బంతి దేనికి?”

“బోర్డు వచ్చిందండీ. వేగం తగ్గలేదు.”

“ఒక్కరూ వినలేదా?”

“మొదట్లో నాలుగు రోజులు విన్నట్టే చేశారు. తర్వాత షరా మామూలే. పెద్దరోడ్డు మీద సిగ్నలు దగ్గర ఆగడం ఇష్టంలేని ప్రతివాడూ మన వీధిలోంచే దూరతాడు. మామయ్యగారు గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఆపమని చెయ్యి చూపిస్తే నమస్కారం పెట్టి పోయేవారు. నమస్కారం పెడుతూనే యాక్సిలరేటర్ తొక్కేవారు. ఈ ఊళ్ళో స్టీరింగు పట్టిన వాళ్ళలో సగంమంది ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళేగా.”

“నాకూ ఆయనే నేర్పారు. తప్పు చేస్తే మోకాలి మీద స్కేలు పెట్టి ఒక్కటిచ్చేవారు. కూతురని కూడా చూసేవారు కాదు.”

“అయితే బంతి పాఠం మీకూ చెప్పే ఉంటారు.”

“చెప్పకపోవడమేంటి. రోడ్డు మీదకి బంతి వస్తే హారన్ కొట్టకు, పక్కకి తిప్పకు, బ్రేకు వెయ్యి. బంతి వెనకాల పిల్ల ఉంటుంది. ఒక్కోసారి చెప్పాపెట్టకుండా కారు ముందుకి బంతి వేయించేవారు మైదానంలో. ఇప్పటికీ గాలికి కాగితం ఉండ దొర్లినా నా కాలు బ్రేకు మీదకి పోతుంది.”

“అందరి కాలూ అంతే. అందుకే వేశారు.”

“పనిచేసిందా?”

“పనిచెయ్యడమా? మొదటిరోజు ఒకతను బ్రేకు వేసిన చప్పుడుకి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. కారు దిగి చూస్తే పిల్లా లేదు ఏమీ లేదు, మామయ్యగారు తాపీగా నడిచొచ్చి బంతి తీసుకున్నారు. బంతి వెనకాల ఎవరుంటారోయ్ అని అడిగారట. అతను తలొంచుకుని, పిల్లలు మాష్టారూ అన్నాట్ట. సరే వెళ్ళు అన్నారు. మర్నాటినుంచి అతను ఈ వీధిలో నత్తలా నడిపాడు. వారం తిరిగేసరికి అందరూ అంతే. మలుపు తిరగ్గానే ఎవరి గుండె వాళ్ళ చేతిలో ఉండేది.”

“వింటుంటే బాగానే ఉంది. అందుకేనా నువ్వు ఆయన్ని ఆపలేదు?”

“నేను… మీకేం తెలుసు వదినా, ఎంత ప్రశాంతంగా అయిందో. పిల్లలు మళ్ళీ బయటికొచ్చారు. ఎదురింటి కవలలు, వెనకింటి పిల్లలు, మా పాప. అంతకుముందు గేటు చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని. అలాంటిది సాయంత్రాలు దాన్ని బయటికి వదిలేసి వంట చేసుకున్నాను. టీచరమ్మ కూడా వాకరుతో గేటు బయటికొచ్చి నించుంటోంది.”

“బంతులు ఎవరు కొనిపెట్టారు?”

“బజారులో దొరుకుతాయి.”

“ఎక్కడ దొరుకుతాయని కాదు అడిగింది.”

“…కూరలకి వెళ్ళినప్పుడు నేనే తెచ్చిపెట్టాను. ఆయన మోకాళ్ళతో బజారు దాకా ఏం నడుస్తారు.”

“బాగుంది. మామా కోడళ్ళిద్దరూ కూడబలుక్కుని చేశారన్నమాట. తమ్ముడికి తెలుసా?”

“తెలీదు. చెప్పకండి.”

“పోలీసులెందుకొచ్చారు మరి?”

“మోటార్‌సైకిలు అబ్బాయి ఒకడు బంతిని తప్పించబోయి పడ్డాడు. మోచేయి గీసుకుపోయింది. వాళ్ళ నాన్న కంప్లైంటు ఇచ్చాడు. వచ్చిన కానిస్టేబులు కూడా మామయ్యగారి శిష్యుడే, కూర్చోమన్నా కూర్చోలేదు పాపం. ఇంకోసారి ఇలా జరిగితే నా చేతుల్లో ఉండదు మాష్టారూ, బంతులు మానెయ్యండి అని బతిమాలి వెళ్ళాడు.”

“మానేశారా?”

“మానేశారు. కానీ కానిస్టేబులు చెప్పినందుకు కాదు.”

“మరి?”

“మెట్ల మీద చప్పుడైంది. ఆయనే వస్తున్నారు. ఆయన్నే అడగండి. నాతో సరిగ్గా చెప్పలేదు.”

“ఎప్పుడొచ్చావే? కింద నా దగ్గరికి రాకుండా నేరుగా మేడెక్కావు, నా మీద ఛార్జిషీటు తయారవుతోందా?”

“కూర్చో నాన్నా. ఆయాసపడుతున్నావు. బంతుల సంగతి నీ కోడలు చెప్పింది.”

“అంతా చెప్పిందా?”

“అంతా. కానీ ఎందుకు మానేశావో తనకీ తెలీదంటోంది.”

“మానేసినవాటికి కారణాలెందుకు. మానేశాను. నీకు కావలసింది అదేగా.”

“నాన్నా.”

“…మన దగ్గర ఒక కుర్రాడు నేర్చుకునేవాడు, గుర్తుందా? పిల్లి అడ్డమొస్తే ఇంజను ఆపేసి దిగిపోయేవాడు. వాణ్ణి అందరూ పిల్లిబాబు అని ఏడిపించేవారు.”

“గుర్తుంది. లైసెన్సు రావడానికి ఏడాది పట్టింది.”

“వాడే. మొన్న వాడు వచ్చాడు ఇటు. వేగంగానే వస్తున్నాడు. బంతి వదిలాను. వాడు చూశాడు. బంతినీ చూశాడు, కుర్చీలో నన్నూ చూశాడు. బ్రేకు వెయ్యలేదు. దాని మీదనుంచే పోనిచ్చాడు. అది టప్పున పేలింది. అద్దం దించి, నవ్వుతూ నాకు చెయ్యి ఊపాడమ్మా. దొరకలేదు మాష్టారూ అన్నట్టు.”

“పొగరు.”

“పొగరు కాదు. వాడు మంచివాడు. వాడి కాలు కదల్లేదు, అదీ నేను చూసింది. అంత భయస్తుడి కాలు కూడా. ఆ తర్వాత ఇంకో ఇద్దరి దగ్గర వేసి చూశాను. వాళ్ళూ ఆపలేదు. ఒకడైతే హారన్‌తో నాకు పాట వాయించి వెళ్ళాడు. సామాన్లు ఇచ్చే బళ్ళవాళ్ళు కూడా ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారట, ఆ వీధిలో బంతి వస్తే కంగారుపడకండి, ఎవరో ముసలాయన సరదా అని.”

“మామయ్యగారూ, ఇది నాకు చెప్పలేదు మీరు.”

“ఏమని చెప్పమంటావమ్మా? ముప్పై ఏళ్ళు కూర్చుని వాళ్ళకి ఒక్క విషయం ఒంట్లోకి ఎక్కించాను. బంతి వస్తే ఆగాలని. ఈ రెండు నెలల్లో దాన్ని నేనే దింపేశాను.”

“అంటే ఇప్పుడు ఈ వీధిలో బంతి కనిపిస్తే…”

“నేను కనిపిస్తున్నాను వాళ్ళకి. పిల్ల కనబడట్లేదు. అందుకే ఇంటింటికీ వెళ్ళి చెబుదామనుకుంటున్నాను. నేనిక వెయ్యట్లేదు, ఏ బంతి వచ్చినా అది నిజం బంతే, ఆగండి అని.”

“ఈ వీధిలో వాళ్ళకి చెప్తావు, సరే. ఈ వీధిని దాటుకుంటూ పోయేవాళ్ళకి ఎలా చెప్తావు?”

“అదే తెలియట్లేదు.”

“నేను చెప్పేది విను నాన్నా. నువ్వు ఆ కుర్చీలో కనిపిస్తున్నంతకాలం వాళ్ళకి అదొక ఆటే. కొన్నాళ్ళు కనబడకు. నాతో వచ్చెయ్యి, మా ఇంట్లో ఓ నెల ఉండు. కుర్చీ ఖాళీగా ఉంటే వాళ్ళే మరిచిపోతారు.”

“మరిచిపోయేదాకా?”

“అప్పటిదాకా పిల్లల్ని ఇది చూసుకుంటుంది. ఏమ్మాయ్?”

“చూసుకుంటాను. ఎదురింటావిడకీ చెప్తాను, పిల్లల్ని కొన్నాళ్ళు లోపలే ఆడించమని. వండటం అయ్యాక వెళ్ళి…”

“వంట తర్వాత కాదమ్మా. ఇప్పుడే వెళ్ళి చెప్పు.”

“వెళ్తాను మామయ్యగారూ. ఈ నాలుగు మడతలూ పెట్టేసి వెళ్తాను. మీరు వదినతో వెళ్తానంటే నాకూ నిశ్చింతగా ఉంటుంది.”

“సరే. ఇద్దరూ ఒక మాట మీదున్నారుగా. వస్తాను. ఈ వీధికి నేను చేసిన మేలు చాలు.”

“అలా అనకు. మంచికేగా చేశావు.”

“మంచికే చేశాను. అదే నిద్రపట్టనివ్వట్లేదు. నా బట్టల సంచి ఎక్కడ పెట్టావమ్మా?”

“బీరువా పక్కనే ఉంది. నేను సర్దనా?”

“వద్దు, నాకింకా చేతులున్నాయి. మీరు మాట్లాడుకోండి.”

“నాన్న బాగా చిక్కిపోయారమ్మాయ్.”

“అదీ చూస్తూనే ఉన్నాను. మీరొచ్చారు కనక ఒప్పుకున్నారు. నా మాట అయితే వినేవారు కాదు. మీ తమ్ముడి మాట అసలే వినరు.”

“ఇంత చేసి, పాపం, ఆయన కోరింది ఒక్కటే. నెమ్మదిగా వెళ్ళమని. అదేమంత పెద్ద కోరిక.”

“ఏదీ, ఆ చీర ఇలా అందుకోండి. అయిపోయింది. ఇక వెళ్ళి ఎదురింటావిడతో చెప్పొస్తాను. కింద ఆ గోల వాళ్ళ కవలలదే.”

“ఉండు, ఆ కారు చూడు. మలుపులో కూడా తగ్గించలేదు.”

“ఏ కారు?”

“తెల్లది. బోర్డు దాటేశాడు. అదిగో, చూశావా మీ మామగారి పని? నిమిషం కాలేదు మాటిచ్చి. అప్పుడే కిందకి దిగి బంతి వేసేశారు.”

“బంతా?”

“మన గేటు పక్కనుంచే వచ్చింది. కారువాడు చూశాడు కూడా. నవ్వుతున్నాడు. గేటువైపు చెయ్యి ఊపుతున్నాడు, అసలు తగ్గించట్లేదు.”

“మామయ్యగారూ!”

“ఏమ్మా, పక్కగదిలోనే ఉన్నాను. ఈ సంచి జిప్పు పట్టట్లేదు, కాస్త వచ్చి చూడు.”