ఎవరి జాన?

కంప్యూటర్ సామాన్ల దుకాణంలో అతను ఒక పవర్ సప్లై డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది మార్చివ్వాలండీ. వైరు అందట్లేదు."

"ఎక్కడికి అందట్లేదు?"

"దీన్ని కేబినెట్ అడుగున బిగించి, వైరు వెనకనుంచి తిప్పి పై మూలకి తేవాలట. బిగించేది మా ఆవిడ. నాకు ఓ ముక్క అర్థమైతే ఒట్టు."

"ఎంత పొడుగు కావాలన్నారు?"

"నాలుగు జానలు."

దుకాణదారు ఇంకో డబ్బా విప్పి, వైరు మీద జానలు వేశాడు. "మూడున్నరే వచ్చింది. ఇంతకంటే పొడుగుది లేదు సార్."

అతనూ కొలిచాడు. అతనికీ మూడున్నరే.

"ఉండండి. ఆ నాలుగు ఎవరి జానతో?"

"మా ఆవిడ జానతోనే."

"ఆవిడ చెయ్యి మనకంటే చిన్నదైతే ఇదే సరిపోతుంది. చిన్నదేనా?"

"చిన్నదే... అనుకుంటా."

"అనుకోవడమేంటి సార్?"

అతను గాలిలో చెయ్యి చాపాడు, వేళ్ళు కాస్త దగ్గరికి తెచ్చాడు, మళ్ళీ చాపాడు. రోజూ స్కూటర్ మీద తన భుజం పట్టుకునే చెయ్యే. ఎంతుంటుందో ఎంతకీ తట్టలేదు. ఫోన్ తీశాడు.

"ఇదిగో, నీ చెయ్యి ఎంతుంటుంది?"

"ఏంటీ?"

"నీ జాన. వైరు సరిపోతుందో లేదో తేలి చావట్లేదు."



"పెళ్ళయి తొమ్మిదేళ్ళయ్యాక అడుగుతున్నావా? వైరు సంగతి తర్వాత. ముందు ఇంటికొచ్చి చెయ్యి పట్టుకుని చూడు."