బల్ల గొంతు

విజయనగరం. ఆదివారం మధ్యాహ్నం. ముందుగదిలో, ఇంట్లో 'బల్ల' అని పిలుచుకునే డిజిటల్ పియానో దగ్గర ఉమాపతి, పాత కంప్యూటరు దగ్గర అతని భార్య భారతి.

"ఆగు బావా, ఆగు. రికార్డింగు ఎర్ర సుక్క ఇంకా నొక్కనేదు నేను."

"నొక్కినానన్నావు కదే?"

"నొక్కుతానన్నాను. ఇదిగో, ఇప్పుడు నొక్కినాను. వాయించు."

"... సాలా?"

"సాల్లే. ఉండు, ఓపాలి ఇందాం."

"ఇదేటే? ఇది మన బల్ల గొంతు కాదు. బొమ్మ పియానో మోగినట్టున్నాది."

"నువ్వు బల్లలో పెట్టింది ఆర్గన్ గొంతే కదా?"

"ఆర్గనే. పన్నెండేళ్ళ నుంచి ప్రతి నాటకంలోనూ పద్యానికి ఆ ఆర్గనే పెడతన్నాను. ఇప్పుడు మారుస్తానేటి?"

"కోప్పడకు. పొద్దున్న మా అన్నయ్య కూతురికి మెసేజీ పెట్టినాను. హర్షితకి ఇలాటివి తెలుసు కదా. జవాబొచ్చింది, సదువుతాను ఇను. 'అత్తా, ఆ యూఎస్‌బీ వైరులోంచి శబ్దం రాదు. మావయ్య ఏ మెట్టు ఎప్పుడు నొక్కాడో ఆ లెక్క ఒక్కటే వెళ్తుంది. దాన్ని కంప్యూటరు తన సొంత గొంతుతో వాయిస్తుంది. పియానో గొంతే కావాలంటే, హెడ్‌ఫోన్ పెట్టే కన్నంలోంచి ఇంకో వైరు తీసి, కంప్యూటరు వెనకాల నీలం రంగు కన్నంలో పెట్టండి.'"

"మరి రెండ్రోజుల్నించి ఆ వైరు పట్టుకుని ఎందుకు కూకున్నాం?"

"నాకేటి తెలుసు? అంతకు ముందు ఫోనులో రికార్డు సేస్తే కుక్కరు కూతా, కొత్తిమీర బండోడి కేకా పడ్డాయని నువ్వే వద్దన్నావు."

"వదిలీవే. నడుం పట్టీసింది. పద్యం పాడ్డానికి నీ తమ్ముడు కొండబాబుకి అంత కావాలంటే మనుషుల్ని పంపి బల్లనే మోయించుకెళ్తాడు. ఎప్పుడూ మోయించుకెళ్ళనేదా?"

"మోయించుకెళ్ళినాడులే. కానీ ఇప్పుడు శృంగవరపుకోటలో స్టేజీ సిన్నదట. బల్ల పట్టదట, అందుకే రికార్డింగు పంపమన్నాడు."

"మొన్న భోగాపురంలో స్టేజీ అన్నావు."

"రెండూ సిన్నవే. నువ్వు ముందు ఆ వైరు పీకు. ఈ లావుది గుచ్చు. అక్కడ కాదు, కింద, హెడ్‌ఫోను బొమ్మ ఉన్నాది సూడు."

"గుచ్చినాను. ఇదేటి, మూగబోనాది! నొక్కుతంటే పలకదేం?"

"శబ్దం బయటికి రాదు, వైరులోంచి నేరుగా ఇందులోకి వచ్చీస్తాది. తెర మీద గీతలు ఎగురుతన్నాయి, నువ్వు వాయించు."

"నాకేటీ వినబడకుండా ఎలా వాయించాలే?"

"నీ వేళ్ళకి తెలీదేటి?"

"తెలుసులే. నొక్కు నీ ఎర్ర సుక్క."

"నొక్కినాను."

"... అయిపోనాది. పెట్టు."

"ఓలమ్మ! ఇదే. ఇదే బావా మన బల్ల గొంతు! ఎంత నిండుగా ఉన్నాదో సూడు."

"ఆగాగు. అక్కడ మళ్ళీ పెట్టు. ఆ... అదిగో. ఒక మెట్టు నొక్కాల్సిన చోట రెండు పడ్డాయి."

"వైరు గరగర అది."

"గరగర కాదే."

"కంప్యూటరు ముసలిది, బావా. ఒక్కోసారి ఇలాగే—"

"భారతీ. అది నా ఉంగరం వేలు."

"పోనీ మళ్ళీ వాయించు. నూనె రాసి పట్టీనా కాసేపు?"

"ఎన్ని సీసాలు రాసినావు? సెయ్యి వణకడం తగ్గిందా?"

"నెమ్మదిగా తగ్గుతాదని డాక్టరు అన్నాడు."

"తగ్గొచ్చు, ఎక్కువవ్వనూవచ్చు అన్నాడు. రెండో మాట నువ్వు ఇననట్టు ఊరుకున్నావు."

"ఇన్నాను. ఎందుకిననేదు?"

"సర్లే. నాకొకటి సెప్పు. కొండబాబు రాగం ఎత్తుకుంటే ఎక్కడాపుతాడో ఆడికే తెలీదు. ఆడి మొఖం సూస్తా నేను శ్రుతి సాగదీస్తాను. ఆడు ఊపిరి తీసుకుంటే నేను తగ్గుతాను. ఈ రికార్డింగు ఆడి మొఖం సూస్తాదేటి?"

"సూడదు."

"మరెందుకడిగినాడు?"

"అడగనేదు, బావా."

"ఏటి?"

"కొండబాబు అడగనేదు. ఎవరూ అడగనేదు. గురువారం నువ్వు బజారుకెళ్ళినప్పుడు వొచ్చినాడు. లోపలికి రమ్మంటే రానేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. 'అక్కా, ఎచ్చెర్ల ఆటలో బావ సెయ్యి తప్పీసి పద్యం మధ్యలో ఆపీవలిసొచ్చింది. ఇంక ఆటకి పిలవనేను, నువ్వే సెప్పు' అనీసి ఎల్లిపోనాడు. నీకెలా సెప్పాలో నాకు నోరు రానేదు. స్టేజీ సిన్నదని, రికార్డింగు పంపమన్నాడనీ అనీసినాను."

"అందుకా ఈ వైర్లన్నీ?"

"ఎవరికో కావాలంటే నువ్వు దాని ముందు కూకుంటావు కదా. లేపోతే గుడ్డ కప్పీసి మూల పెట్టీసి, ఇంక ముట్టుకోవు. నాకు తెలీదా నీ సంగతి?"

"ఏడవకు. ఊరుకో."

"నీకు కోపం రావటం నేదా?"

"ఎవరి మీద?"

"ఆడి మీద! పన్నెండేళ్ళు నీ శ్రుతి మీదే కదా పాడినాడు. సెప్పేదేదో నీకు సెప్పడానికి మొఖం సెల్లక, నా దగ్గరికొచ్చి... తమ్ముడని ఇంక గుమ్మం ఎక్కనివ్వను."

"ఆడ్ని అనకు."

"అంటాను. ఎందుకనకూడదు?"

"ఎచ్చెర్ల నుంచి వ్యానులో వస్తన్నంత సేపూ ఆడు నా సెయ్యి వదల్నేదు. 'ఒక్కసారి తప్పితే ఏటయిపోతాది బావా, నువ్వు లేకపోతే నేను పాడను' అనీసి ఒకటే గోల."

"మరి ఇక్కడికొచ్చి అలాగెందుకన్నాడు?"

"నేనే మానీసినానంటే నువ్వు ఒప్పుకోవనీసి, పిలవనని సెప్పమని ఆడ్ని నీ దగ్గరికి పంపింది నేనే, భారతీ."