దిండు మీది చెయ్యి

ఆ దిండు మీదున్న ఆవిడ చేతికి ఎన్ని వేళ్లున్నాయో లెక్కపెట్టావా, ఎల్సా? మొహం కాదమ్మా, చెయ్యి. నెత్తిమీది తట్టను పట్టుకుందే, ఆ చెయ్యి. షాలోమ్, నువ్వు ముందు దాని మీంచి మోచెయ్యి తియ్యి.

ఐదా? చూడకుండా చెప్పకు. ముప్పై ఏళ్లు బళ్లో ఇదేగా మొత్తుకున్నాను, చూసి చెప్పండర్రా అని. వేలు పెట్టి లెక్కపెట్టు. ఆఁ... నాలుగు.

మీ అమ్మ సోఫా కోసం ఆన్‌లైన్లో తెప్పించిన ఈ దిండ్లన్నిటి మీదా సాగర్ డ్యామ్ కట్టేటప్పటి ఫోటోలే. కర్రలతో మెట్లు కట్టి, వాటి మీద బారులు తీరి, మనుషులే రాళ్లు మోశారు. ఆడవాళ్లు రవిక మీద మగవాళ్ల చొక్కా తొడుక్కునేవారు, ఒళ్లు గీరుకుపోకుండా. ఈవిడ తొడుక్కున్నది మా నాన్న చొక్కా.

అవునర్రా, మా నాన్నదే! ఈవిడ మా అమ్మ.

ఆ ఉంగరపు వేలు రాయి కింద పోయింది. నేను మూడో తరగతిలో ఉండగా అమ్మే పోయింది. ఒక్క ఫోటో లేదు నా దగ్గర. ఇన్నేళ్లకి, ఇంత దూరాన ఉత్తరాదిన, ఈ ఇందిరాపురంలో, పదకొండో అంతస్తులో, అట్టపెట్టెలోంచి వచ్చింది.

అచ్ఛా, మమ్మీకి చెప్పేయమంటావు. ఏమని చెప్పను? మా అమ్మ టీచరని పెళ్లిచూపుల్లో మీ తాతయ్యతో అన్నాను. ఆయన పోయేదాకా అదే మాట. మీ నాన్నతోనూ అదే. చర్చిలో మీ అమ్మ ఎంత గొప్పగా చెప్పుకుంటుంది, "మా అత్తయ్యగారిది టీచర్ల ఇల్లు" అని! ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని...

సోఫాకి నప్పలేదట. ఐదింటికి రిటర్న్ తీసుకెళ్లే భయ్యా వస్తాడు. "ఎవరో కూలిమనిషి ఫోటో అత్తయ్యా, మీకెందుకంత దిగులు?" అంది మీ అమ్మ ప్రీతి. నేను నవ్వాను. మా అమ్మను అలా అంటే, నవ్వానర్రా!

షాలోమ్, ఇలా రా నాన్నా. దీని ట్యాగు కత్తిరించావని నిన్న మీ అమ్మ చెంపమీద కొట్టిందే... కత్తిరించింది నేను. ట్యాగు లేకపోతే వాళ్లు వెనక్కి తీసుకోరని. "వీడే అయ్యుంటాడు" అన్నదీ నేనే. సండే స్కూల్లో మీకు అబద్ధమాడకూడదని పాఠం చెప్పే నేనే! నువ్వు ఏడుస్తూ నా ఒళ్లోకే వచ్చావు.

మీ అమ్మ చెత్తబుట్టంతా వెతికింది. ట్యాగు తుడిచి తెచ్చి, మళ్లీ కుట్టిపెట్టమని నా చేతికే ఇచ్చింది. నా కుట్టయితే ఎవరికీ తెలియదట.

టైమెంతయింది? నాలుగూ నలభయ్యా?

ఆ దిండు ఇలా ఇవ్వు, ఎల్సా. గట్టిగా పట్టుకోకమ్మా, ఇచ్చెయ్యి. బాల్కనీలో వెలుతురుంది, అక్కడికి వెళ్తాను. ఇంకా రెండు కుట్లు మిగిలాయి.