టోఫీకి మంచిరోజు

లీడ్స్‌లో ఒక ఇంటి హాలు. శనివారం ఉదయం. గుమ్మం దగ్గర పిల్లిని తీసుకెళ్ళే బుట్ట తలుపు తెరిచి ఉంది.

"పదిన్నర దాకా ఆగండి. రాహుకాలం."

"అది ఇండియా టైముకా, ఇక్కడి టైముకా ప్రభావతీ?"

"నాకూ ఆ అనుమానం ఉందండీ. అందుకే రెండూ పాటిస్తున్నా."

"బావుంది. మంగళవారం వద్దన్నావు. గురువారం అమావాస్య అన్నావు. నిన్నేమో..."

"శుక్రవారం పూట ఆడపిల్లని ఇంట్లోంచి పంపిస్తామా ఎవరైనా?"

"అది పిల్లి!"

"ఆడపిల్లే."

"పశువుల డాక్టరు దగ్గర ఆ రిసెప్షన్ అమ్మాయికి ఏం చెప్పాలో తెలీక చస్తున్నా. అమావాస్య అంటే ఆమెకేం అర్థమవుతుంది? మా అమ్మకి బాగోలేదని అపాయింట్‌మెంట్ మార్పించా."

"మీ అమ్మగారు పోయి తొమ్మిదేళ్ళు!"

"త్వరగా కోలుకోవాలని చెప్పమంది."

"రామ రామ!"

"ఈసారి మార్చేది లేదు. పదకొండింటికి అక్కడుండాలి. పదిహేడేళ్ళ ముసలిది, కిడ్నీలు పోయాయి. ఒక్క ఇంజెక్షన్, నిద్రలోకి జారుకున్నట్టే పోతుందని డాక్టరు చెప్పింది కదా?"

"మీకు తేలిక. దాన్ని ఒక్కనాడైనా పేరు పెట్టి పిలిచారా?"

"పిల్లిని పిల్లి అంటాను. అసలు తెమ్మన్నదెవరు? నీ కూతురు కిరణ్మయి. స్కూలుకి పోనని ఏడ్చి మరీ తెప్పించుకుంది. తనేమో ఉద్యోగమని లండన్ చెక్కేసింది, ఇది మనకి మిగిలింది."

"కానీ ప్రాణం తీసే హక్కు మనకుందా అండీ? ఆ దేవుడు తీసుకెళ్ళేదాకా..."

"ఆయన ఆలస్యం చేస్తున్నాడుగా మరి."

"అలా అనకండి. రాత్రి దీపం దగ్గర కూర్చుని అడిగాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఇది మాత్రం తెల్లార్లూ మూలుగుతూనే ఉంది."

"నాకూ వినపడింది."

"పొద్దున్నే తులసి తీర్థం పోశా. రెండు చుక్కలు నాకింది."

"పాలు ముట్టలేదు, తీర్థం తాగిందా?"

"నా పెంపకం!"

"సరే, పదిన్నర దాటింది. నీ రాహువూ పోయాడు, కోటేసుకో. నేను దాన్ని... ఆగు! ఆగాగు."

"ఏమైంది?"

"లేచింది చూడు. టోఫీ లేచింది!"

"అవునండోయ్! మూడు రోజులుగా దుప్పటి దిగలేదు. ఎక్కడికే తల్లీ? పడిపోతావు, మెల్లగా..."

"మనకి అడ్డం వచ్చింది."

"ఎవరు?"

"ఇదే. సరిగ్గా గుమ్మంలో. బయల్దేరుతుంటే పిల్లి ఎదురొచ్చింది ప్రభా. కూర్చో. కాసిని మంచినీళ్ళు తాగు. సోమవారం వెళ్దాం."

"మీరేనా ఈ మాట అంటున్నది?"

"శకునం శకునమే కదా. ఫోన్ ఎక్కడ పెట్టానూ... వాళ్ళకి నేను చెప్తాలే, మళ్ళీ మా అమ్మకి..."

"ఏమండీ, ఇటు తిరగండి."

"ఏం లేదు. హీటింగ్ ఎక్కువైంది, కళ్ళు మండుతున్నాయి."

"అది బుట్టలో పడుకుందండీ, తనంతట తనే. ఇంట్లో పిల్లి ఎదురొస్తే దోషం లేదు. తాళాలు ఇటివ్వండి, కారు నేను నడుపుతాను."